ఎనిమిదో విభక్తి

చిన్నప్పుడు బడిలో అందరం గొంతు కలిపి పాడినవాళ్లమే. డు, ము, వు, లు ప్రథమ. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయ. వలన, కంటె, పట్టి పంచమి. అలా సప్తమి దాకా లాక్కొచ్చి, ఓ, ఓరి, ఓయి, ఓసి అని సంబోధించి, మాస్టారి బెత్తం బల్ల మీదకు దిగాక ఊపిరి పీల్చుకునేవాళ్లం. పరవస్తు చిన్నయ సూరిగారి వ్యాకరణ పాండిత్యానికి వంక పెట్టేంత చదువు నాకు లేదు గానీ, ఆయన రాత్రి పదకొండు గంటల వేళ జిల్లా పేజీ డెస్కులో కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఎనిమిదో విభక్తి కూడా చెప్పేవారు. దాని ప్రత్యయం 'అని'. వెనకాల మూడు చుక్కలు తప్పనిసరి.

తల్లి మందలించిందని... సెల్‌ఫోన్ కొనివ్వలేదని... మార్కులు తగ్గాయని... పెళ్లి కుదరడం లేదని... భార్య పుట్టింటి నుంచి రాలేదని...

చుక్కల తరవాత ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు. పాఠకుడు కాఫీ ఒక గుటక వేసి తనే పూరించుకుంటాడు. ఒక మనిషి పదిహేనేళ్లో యాభయ్యేళ్లో బతికిన బతుకంతా ఒక క్రియకు 'అని' తగిలించి సింగిల్ కాలమ్‌లో సర్దేస్తారు. పాపం, పంచమిలో 'వలన'కు కొంచెం సిగ్గుంది. 'అప్పుల వలన' అన్నప్పుడు, బయట నిలబడి చూసి చెబుతున్నామని ఒప్పుకుంటుంది. 'అని' అలా కాదు. పోయినవాడి బుర్రలో పీట వేసుకుని కూర్చుని, వాడి ఆఖరి ఆలోచన విని వచ్చినట్టు చెబుతుంది. అమ్మ తిట్టింది అనుకున్నాడట, అంతేనట. ఎవరు విన్నారు? మండల విలేకరి విన్నాడు. ఎక్కణ్నుంచి? పోలీస్ స్టేషన్ ఎదురు టీ కొట్టు నుంచి.

ఆ తల్లి మర్నాడు ఆ పేపరు చూస్తుందని మనం అనుకోం. చూస్తుంది. ఆమె చూడకపోయినా చుట్టాలు చూసి, మడిచి దాచి, సంవత్సరీకానికి తెచ్చి చూపిస్తారు. పదిహేనేళ్లు అన్నం కలిపి పెట్టింది వార్త కాదు. ఒక సాయంత్రం ఒక మాట అన్నది వార్త. కోర్టు హంతకుడికైనా లాయరును ఇస్తుంది. హెడ్డింగ్ ఆ తల్లికి మూడు చుక్కలు ఇచ్చింది.

నేనూ ఆ డెస్కులో కూర్చున్నవాణ్ణే కాబట్టి ఇదంతా పక్కింటివాళ్ల గొడవలా చెప్పడం లేదు. ఊరి పేరూ పత్రిక పేరూ అనవసరం. ఏ ఊరైనా, ఏ పత్రికైనా రాత్రి పదకొండుకు డెస్కు ఒకేలా ఉంటుంది. ఫోన్ మోగుతుంది.

"సార్, ఒక సూసైడ్ ఉంది. నాలుగు లైన్లు రాసుకోండి."

"కారణం?"

"తెలీదు సార్. ఇంటోళ్లు ఏం చెప్పట్లా."

పక్క కుర్చీలోంచి ఇన్‌చార్జి తల తిప్పకుండానే అంటాడు. "కారణం లేకపోతే హెడ్డింగ్ ఏం పెడతావయ్యా? ఎస్సైని అడిగి చెప్పమను."

పది నిమిషాలకు మళ్లీ ఫోన్. "సార్, కడుపునొప్పి అంట."

తెలుగు జిల్లాల్లో కడుపునొప్పి అనేది జబ్బు కాదు, ఒక ఏర్పాటు. ఇంటివాళ్లకు పరువు దక్కుతుంది. స్టేషన్‌లో ఫైలు మూతపడుతుంది. డెస్కుకు హెడ్డింగ్ దొరుకుతుంది: కడుపునొప్పి తాళలేక... ముగ్గురికీ లాభమే, నాలుగోవాడు ఎలాగూ లేడు. మా ఎడిషన్ ఒక ఏడాది పాటు చదివిన వైద్యుడెవరైనా ఉంటే, ఈ జిల్లాలో నీళ్లు మంచివి కావని తీర్మానించి ఉంటాడు. ఇక ముగింపు కోసం ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు, అది అచ్చు పోసే ఉంటుంది. కుటుంబ సభ్యుల రోదనలు మిన్నంటాయి. గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి. కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు. పక్కన పాస్‌పోర్టు సైజు బొమ్మ, కింద బ్రాకెట్లో 'దాచిన చిత్రం'. దాచింది ఎవరో, ఎందుకు దాచుకున్నారో, బీరువాలోంచి దాన్ని ఎవరు ఏ మాట చెప్పి తీయించుకొచ్చారో మాత్రం రాయరు.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో దేశంలో 1,70,924 మంది ఇలా పోయారని లెక్క చెప్పింది. కారణాల పట్టిక కూడా ఇచ్చింది. కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం. పట్టికలో మనిషికి ఒకటే గడి. ఆ 18.4లో ఎన్ని కడుపునొప్పులు టీ కొట్లో పుట్టాయో దేవుడికి తెలియాలి. మానసిక వైద్యులను అడిగితే ఒక్క గడిలో పట్టే మనిషి ఉండడంటారు. ఎన్నాళ్లుగానో లోపల ముసురుకున్న దిగులు, దానికి తోడు మద్యమో అప్పో అవమానమో, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం, ఇవన్నీ కలిసి ఒక చెడ్డ గడియలో ముడిపడతాయి. ఆ గడియ దాటించగలిగితే ఎక్కువమంది ఆ తరవాత బతికే ఉంటారు. ఇదంతా నిజమే గానీ హెడ్డింగ్‌లో పట్టదు.

పోనీ, అబద్ధపు కారణం రాస్తే పోయినవాడికి కొత్తగా వచ్చే నష్టమేమిటి అంటారా? వాడికేమీ లేదు. నష్టం చదివేవాడికి. పేపరు కాఫీ గుటక వేసేవాడు ఒక్కడే చదవడు. రాత్రంతా నిద్ర పట్టనివాడూ చదువుతాడు. అదే మార్కులు, అదే అప్పు, అదే అవమానం గుండె మీద పెట్టుకుని కూర్చున్నవాడూ చదువుతాడు. వాడికది వార్తలా కనిపించదు, తీర్పులా కనిపిస్తుంది. నీ కష్టానికి జనం చేసేది ఇదీ అని ఎవరో చెవిలో చెప్పినట్టు ఉంటుంది. ఇదేదో నా చాదస్తం కాదు. 1774లో జర్మన్ కవి గోథే 'వెర్థర్' అనే ప్రేమికుడి నవల రాస్తే, కుర్రాళ్లు వాడి బట్టలే కాదు, వాడి చావును కూడా అనుకరిస్తున్నారని భయపడి లైప్‌జిగ్ నగరం ఆ పుస్తకాన్ని నిషేధించింది. సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పేపర్ల మొదటి పేజీలనూ మరణాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి పేజీకెక్కిన ఆత్మహత్యల వెనకాల లెక్క పెరుగుతోంది. ఆ పెరుగుదలకు వెర్థర్ పేరే పెట్టాడు. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి కూడితే, ప్రముఖుల ఆత్మహత్య వార్తల తరవాత అలాంటి మరణాలు 13 శాతం పెరుగుతున్నాయని తేలింది. ఎలా పోయారో వివరంగా రాసినప్పుడు, అదే విధంగా పోయేవాళ్లు 30 శాతం పెరుగుతున్నారని తేలింది.

ముప్పై శాతం. సర్క్యులేషన్ అంత పెరిగితే మేనేజరు ఊరంతా ఫ్లెక్సీలు కట్టేవాడు.

'మేం రాయకపోతే వాట్సాప్‌లో రాదా' అనేది డెస్కు దగ్గరున్న బ్రహ్మాస్త్రం. వస్తుంది. వీధి చివర కల్తీ నూనె అమ్ముతున్నారని మనమూ డబ్బాలో కలుపుకోం కదా. అసలు వార్తే వెయ్యొద్దని ఎవరూ అనలేదు. ఎలా వెయ్యాలో చెప్పారు, అంతే.

ఇప్పుడు మేకు బిగుసుకునే చోటికి వస్తాను. ఇంటర్ ఫలితాల మర్నాటి పేపరు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. మొదటి పేజీ ఉండదు. దాని బదులు కాలేజీల ప్రకటనల జాకెట్ ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పిల్లల బొమ్మలు, పాస్‌పోర్టు సైజు, నీలం వెనకతెర, హాల్‌టికెట్ కోసం తీసిన బొమ్మలే. బొమ్మ కింద అంకె. టీవీ పెడితే అదే ఊపిరాడని గొంతు, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఏకరువు పెడుతుంటుంది. ఆ జాకెట్ ధర ఎంతో అడ్వర్‌టైజ్‌మెంట్ విభాగానికి తెలుసు. జీతాలు అందులోంచే వస్తాయి కాబట్టి డెస్కుకూ తెలుసు. తరవాత పేజీలు తిప్పుకుంటూ లోపలికి పొండి. జిల్లా పేజీలో, కింద, ఎడమ పక్కన ఇంకో పాస్‌పోర్టు బొమ్మ. అదే నీలం వెనకతెర, అదే హాల్‌టికెట్ బొమ్మ. దీని కింద అంకె లేదు. పైన హెడ్డింగ్ ఉంది: మార్కులు తక్కువొచ్చాయని...

ఒకే రోజు, ఒకే పేపరు, ఒకే స్టూడియోలో తీసిన రెండు బొమ్మలు. మొదటిదానికి డబ్బులు పుచ్చుకున్నాం, రెండోదానికి కన్నీళ్లు కార్చాం. మొదటి పేజీ చూసి లోపలి పేజీలోకి వెళ్లినవాళ్లు ఎంతమంది అనే సర్వే మాత్రం ఏ పత్రికా చేయించలేదు. 'జాకెట్‌లో నా బొమ్మ లేదని...' అన్న హెడ్డింగ్ నా ఉద్యోగ జీవితంలో ఎక్కడా కనిపించలేదు. కారణాలు వెతకడంలో మన డెస్కులకు ఇంత నేర్పు ఉంది కదా, పక్క పేజీలో ఉన్న కారణం ఎందుకు కనపడదో!

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది, మళ్లీ చూస్తే 99. ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తరవాత కమిటీ వేస్తే ఫలితాల తయారీలో తప్పులు జరిగినట్టు తేలింది. కానీ ఆ వారంలో హెడ్డింగ్‌లు చూస్తే ఫెయిలయ్యానని... ఫెయిలయ్యానని... ఫెయిలయ్యానని... అనే ఉన్నాయి. ఫెయిలైంది బోర్డు. 'అని' దాన్ని తీసి పిల్లల మెడకు చుట్టింది. చానళ్లలో తెర మూల ఒక అంకె వెలిసింది. పన్నెండు, పదహారు, పద్దెనిమిది... క్రికెట్ స్కోరులాగా. అదే గదిలో, అదే టీవీ ముందు, తప్పిన పిల్లవాడు కూర్చుని ఉన్నాడని ఆ అంకె మార్చే కుర్రాడికి తోచలేదు. వాడికి మాత్రం ఏం వయసు, వాడూ మొన్న మొన్నటి ఇంటరే.

ఆ స్కోరుబోర్డు మనకు కొత్త కాదు. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ రోజుల్లో తెర అడుగున 'ఆగిన గుండెలు' లెక్క గంటగంటకూ పెరిగింది. గుండెపోటుతో పోయినవాళ్లూ, ప్రాణం తీసుకున్నవాళ్లూ ఒకే ఖాతాలో పడ్డారు, ఆ ఖాతా చుట్టూ తరవాత రాజకీయాలు నడిచాయి. ఆ ఏడాది చివర తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైంది. అది న్యాయమైన ఉద్యమం. అది గెలిచిన రోజు చూడడానికి బతికి ఉండాల్సిన పిల్లలు పోయారు. ప్రాణాలు తీసుకోవద్దని నాయకులు వేదికల మీద చేతులెత్తి మొక్కారు. ఆ మొక్కు ఒక్కసారి చూపించి, మంటల్లాంటి అక్షరాలతో 'బలిదానం' అన్న మాటను రోజంతా తిప్పారు. చావుకు బిరుదు తొడిగితే, బిరుదు కోసం క్యూ ఏర్పడుతుందని తెలియనంత అమాయకులా మన ఎడిటర్లు?

ఇక టీవీ వాళ్ల ప్రతిభ గురించి విడిగా రాస్తే ఒక ప్రబంధం అవుతుంది. నాలుగు ముక్కలతో సరిపెడతాను. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్‌లో ప్రమాదవశాత్తూ పోయింది. అది ఆత్మహత్య కాదు, మన చానళ్ల ఆకలి కొలవడానికి మాత్రం పనికొస్తుంది. ఒక తెలుగు చానల్ విలేకరి ఏకంగా స్నానాల తొట్టెలో దిగి మరీ వివరించాడు. 2020 జూన్ 14న హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయాక, కరోనా రోజుల్లో ఇంట్లో బందీ అయిన దేశానికి హిందీ చానళ్లు నెలల తరబడి ఇంకో వార్త వినపడనివ్వలేదు. అతని పేరు మీద దొంగ ట్వీట్లు చూపించిన చానల్‌కు ప్రసార సంస్థల సొంత మండలే లక్ష రూపాయల జరిమానా వేసింది. లక్ష! ఆ కార్యక్రమం మధ్యలో వచ్చిన సబ్బు ప్రకటన ఖర్చు కూడా రాదు. ఆ ఆగస్టులో ప్రెస్ కౌన్సిల్ చీవాట్లు పెట్టింది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు తీర్పే చెప్పింది. పోయినవాణ్ణి బలహీనుడిగా చిత్రించొద్దంది, వాళ్ల ఇంటి గుట్టు బజారున పెట్టొద్దంది. మన నటుడు ఉదయ్ కిరణ్ పోయింది 2014 జనవరి 5న. ఈనాటికీ ప్రతి జనవరికీ యూట్యూబ్ 'అసలు కారణం' కొత్తగా కనిపెడుతుంది. ఇన్నేళ్లుగా కనిపెడుతున్నది అసలుదైతే, నిరుడు కనిపెట్టింది ఏమిటో!

ఈ హడావుడి మధ్య మైకు పట్టుకుని ఒకతను శవం లేవని ఇంట్లోకి వెళ్తాడు. "అమ్మా, మీకు ఎలా అనిపిస్తోంది?" అంటాడు. తెలుగు భాషలో ఇంతకన్నా నీచమైన వాక్యం లేదు. ఇందులో ఒక్క బూతు మాట కూడా లేదు.

ఆస్ట్రియావాళ్లకు మనంత చాకచక్యం లేదు, చెబితే విన్నారు. వియన్నాలో 1978లో మెట్రో వచ్చింది. కొన్నేళ్లకు స్టేషన్లలో ఆత్మహత్యలు పెరుగుతూ పోయాయి. పత్రికలు వాటిని మొదటి పేజీలో, బొమ్మలతో, పూసగుచ్చినట్టు రాసేవి. 1987 మధ్యలో వైద్యులు పత్రికలవాళ్ల దగ్గరికి వెళ్లి, ఇలా రాయకండి బాబూ అన్నారు. వాళ్లు వార్తలు మానలేదు. మొదటి పేజీ నుంచి తీసి, కుదించి, వివరాలు తగ్గించారు. ఆ ఏడాది మొదటి ఆరు నెలలతో పోలిస్తే తరవాతి ఆరు నెలల్లో మెట్రోలో ఆ ఘటనలు 80 శాతానికి పైగా పడిపోయాయి. మందు లేదు, గోడ లేదు, బడ్జెట్ లేదు. కొన్ని హెడ్డింగ్‌లు చిన్నవయ్యాయి. ప్రాణం పోయడానికి ఇంత చవకైన ఉపాయం ఇంకోటి ఉందని నేననుకోను. చవకైనది కాబట్టే మనకు నచ్చలేదేమో.

ఆ వియన్నావాళ్లే 2010లో ఇంకో సంగతి కూడా చెప్పారు. చావు వార్త చావును పెంచినట్టే, చావు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాడి కథ చావును తగ్గిస్తుందట. దానికి పాపగేనో అని పేరు పెట్టారు. మోత్సార్ట్ సంగీత నాటకంలో పిట్టలు పట్టేవాడొకడు ఆశ వదులుకోబోతుంటే, ముగ్గురు పిల్లలొచ్చి వేరే దారి ఉందని గుర్తు చేస్తారు, వాడి పేరది. మంచిదే. కానీ ఈ సంగతి కోసం మనం వియన్నా దాకా పోవాలా? కష్టం వస్తే సుందరకాండ పారాయణ చెయ్యమని మన ముసలమ్మలు ఊరికే అన్నారా?

రాత్రంతా లంక గాలించినా హనుమంతుడికి సీత జాడ దొరకదు. అంతటి బలవంతుడు కూలబడతాడు. ఉత్త చేతులతో తిరిగి వెళితే ఏమవుతుందో లెక్క వేసుకుంటాడు. రాముడు బతకడు. అతను లేకపోతే లక్ష్మణుడు ఉండడు. అది విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, వానరులంతా. ఒక వార్త వెనకాల వరసగా రాలే ప్రాణాలు! ఫిలిప్స్ పట్టిక వాల్మీకి ముందే గీసి పెట్టాడు. అయితే నేను వెళ్లనే వెళ్లను, ఇక్కడే ముగిసిపోతాను అనుకుంటాడు హనుమంతుడు. ఆపైన తనే తర్కించుకుంటాడు. పోతే దోషాలెన్నో, బతికి ఉంటే మంచి ఎదురవుతుంది అనుకుంటాడు. తలెత్తి చూస్తాడు. ఇంకా వెతకని తోట ఒకటి కనబడుతుంది. అశోకవనం.

అక్కడ సీతమ్మదీ అదే స్థితి. చెట్టు మీదున్న హనుమంతుడు ఏం చేశాడు? దూకి ఎదుట నిలబడలేదు, ప్రశ్న వెయ్యలేదు. మెల్లగా, ఆమెకు వినపడేంత గొంతుతో, ఆమె మనిషి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఏ మానసిక వైద్య కళాశాలలోనైనా పాఠం చెప్పదగ్గ పని అది.

అదే మన చానల్ అక్కడ ఉండి ఉంటే? 'అశోకవనం నుంచి లైవ్'. ఎర్ర వృత్తం, బాణం గుర్తు. 'మాయలేడే కారణమా?' 'మరిది మాట విననందుకేనా?' స్టూడియోలో ఒక పక్క విభీషణుడు, ఒక పక్క శూర్పణఖ, మధ్యలో యాంకరు. చెట్టు దిగిన కోతికి మైకు. రామకథకు సమయం లేదు, చిన్న బ్రేక్.

మరి రైతు సంగతేమిటి అని ఎవరైనా నన్ను నిలదీస్తే, న్యాయమే. 'అప్పుల బాధతో' అని రాయొద్దంటే సర్కారు నెత్తిన పాలు పోసినట్టే కదా? ఆ మాట ఎప్పుడు తప్పిస్తారా అని సర్కారు ఎదురుచూస్తూనే ఉంది. 2004లో వచ్చిన 421 నంబరు జీవో కింద పరిహారం కావాలంటే, మనిషి వ్యవసాయపు అప్పుతోనే పోయాడని కమిటీ తేల్చాలి. కాగితం చాలకపోతే 'కుటుంబ కలహాలు'. కౌలు రైతైతే కాగితమే ఉండదు. మళ్లీ ఒకే గడి, గడిలో ఏ మాట రాయాలనే బేరం. కాబట్టి అప్పు గురించి రాయాల్సిందే. నా గొణుగుడంతా ఎప్పుడు రాస్తున్నామన్నదే. అప్పు గురించి అప్పుడే రాయాలి, విత్తనం మొలవనప్పుడు, బ్యాంకు మొహం చాటేసినప్పుడు, వడ్డీ వ్యాపారి గుమ్మంలో కూర్చున్నప్పుడు. బతికి ఉన్నంతకాలం రైతుకు వ్యవసాయం పేజీలో వంగతోట సస్యరక్షణ పక్కన చోటు. పోయాక మొదటి పేజీ. మొదటి పేజీకి రావడానికి దారి అదొక్కటే అని చెబుతున్నది మనమే.

క్రియల సంగతి కూడా చెప్పి వ్యాకరణం ముగిస్తాను. 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అంటాం. పాల్పడేది దొంగతనానికి, మోసానికి, లంచానికి. ఒకప్పుడు ఐపీసీ 309 కింద బతికి బయటపడినవాడు ముద్దాయి కాబట్టి ఆ క్రియకు అర్థముండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అతను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడని, శిక్ష కాదు ఆదరణ కావాలని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో 309కి బదులు సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని ఆపించడానికి చేసేదాని మీద మాత్రం ఒకటి ఉంచారు. పార్లమెంటు నూట అరవై ఏళ్ల సెక్షన్ తీసేసింది. సబ్ ఎడిటర్ ఒక్క క్రియ తియ్యలేకపోయాడు. చైన్ స్నాచింగ్ పక్కన, గంజాయి పట్టివేత కింద, ఇంకా పాల్పడుతూనే ఉన్నారు.

నియమాలు లేక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నుంచి పత్రికలకు మార్గదర్శకాలు అచ్చు వేస్తూనే ఉంది, 2023లో మళ్లీ సవరించింది. 2019 సెప్టెంబరులో ప్రెస్ కౌన్సిల్ వాటిని మనకూ వర్తింపజేసింది. ప్రముఖంగా వెయ్యొద్దు, మళ్లీ మళ్లీ వెయ్యొద్దు, ఎలా జరిగిందో ఎక్కడ జరిగిందో వివరించొద్దు, బొమ్మలొద్దు, హెడ్డింగ్‌లో గగ్గోలు వద్దు. ఇవన్నీ మా డెస్కులకు తెలుసు. తెలియకపోతే ఇంత శ్రద్ధగా ఒక్కటి కూడా వదలకుండా అతిక్రమించడం సాధ్యమా? ప్రెస్ కౌన్సిల్ చేతిలో ఉన్నది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. టీవీ మీద ఆ అధికారం కూడా లేదు. పళ్లూడిన పెద్దాయన, అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను కేకలేస్తాడు. దారిన పోయేవాళ్లు దండం పెట్టి పోతారు.

ఇక సాయం సంగతి. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ అని ఒక ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఐదంటే ఐదు అంకెలు. మన పత్రికల్లో వీటికి జాగా దొరకడం ఎంత కష్టమో చెప్పలేను. పక్క రాష్ట్రం తమిళనాట 2016లో ఏడు నెలల పాటు తొమ్మిది దినపత్రికలు వేసిన 1,681 ఆత్మహత్య వార్తలను పరిశోధకులు తిరగేస్తే, సాయం దొరికే నంబరు ఇచ్చినవి నూటికి రెండున్నర. అదే పొద్దున్నే టీవీ పెట్టండి. రుద్రాక్షలు వేసుకున్న ఒకాయన అరగంట మాట్లాడితే అరగంటా తెర కింద పది అంకెల ఫోన్ నంబరు రెపరెపలాడుతూనే ఉంటుంది. అప్పులు, సంతానం, ప్రేమలో వైఫల్యం, మనశ్శాంతి, అన్నిటికీ ఒకటే నంబరు. చిత్రమేమిటంటే ఆ జాబితా, మా 'అని...' హెడ్డింగ్‌ల జాబితా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మనవాళ్లు కష్టంలో ఫోన్ చెయ్యరని ఎవరన్నారు? చేస్తారు. తెర మీద ఏ నంబరుంటే దానికే చేస్తారు. జాతకం పది అంకెలకు పట్టిన చోటు, ప్రాణం ఐదు అంకెలకు పట్టదా?

ఒక పాత లెక్క మిగిలిపోయింది, అదీ చెప్పేస్తాను. ఆ డెస్కులో ఉండగా ఒక రాత్రి అదే మండల విలేకరి ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ లేని హుషారు.

"సార్, మంచి ఐటమ్. బస్టాండులో ఒకాయన రాత్రి పూట ఒక్కడే కూర్చుని చీటీ రాసుకుంటుంటే మన హోంగార్డు చూశాడు. పక్కన కూర్చుని మాటల్లో పెట్టాడు. తెల్లారేదాకా నాలుగు టీలు తాగించాడంట సార్. పొద్దున మొదటి బస్సులో వాళ్ల అక్క ఇంటికి తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాడు."

"తరవాత?"

"తరవాతేముంది సార్. బతికాడు."

నేను ఇన్‌చార్జి వైపు చూశాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని, "బతికితే వార్త ఎట్లా అవుద్దయ్యా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

అయినా నేను ప్రయత్నించాను. పావుగంట కూర్చున్నాను. హోంగార్డు టీ తాగించాడని... ఊహూఁ. అక్క గుర్తొచ్చిందని... కుదరలేదు. ఏం రాసినా మూడు చుక్కల తరవాత ఏమీ మిగలడం లేదు. పేజీ ప్రెస్సుకు పోయే టైము దాటిపోతోంది. కాగితం నలిపి బల్ల కింద బుట్టలో పడేసి, ఆ జాగాలో బోరు మోటార్ల చోరీ వార్త పెట్టాను. 'లబోదిబోమంటున్న రైతులు' అని, డబుల్ కాలమ్.